దెయ్యం సినిమాకి కథా సిద్ధాంతాలు పట్టించడం ఎలా: ‘రింగ్’ మీద ఒక్కో అడుగు

మాస్ కమ్యూనికేషన్ చదివే రోజుల్లో హారర్ సినిమా మీద నేను రాసిన మొదటి అసైన్‌మెంటు 12 పేజీలు. కథలు ఎలా కడతారో సిద్ధాంతాలు చేసినవాళ్లలో టోడరోవ్ చెప్పిన ఐదు దశలు, ప్రాప్ చెప్పిన ఏడు రకాల పాత్రలు, అన్నిటినీ గళ్లు గీసి ఎక్కడివక్కడ కూర్చోబెట్టి, హెడ్డింగుల కింద స్కేలుతో ఎర్రగీత కూడా కొట్టి ఇచ్చాను. తిరిగొచ్చిన కాయితాల చివర మేడం ఒక్క ముక్క రాశారు: "అన్నీ బాగా సరిపోయాయి. మరి భయం ఏది?" ఆ రోజు ఒళ్లు మండింది. ఆవిడ అడిగిందాంట్లో ఎంత న్యాయం ఉందో తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఇప్పుడు షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు, రివ్యూలు రాసేవాళ్లు, ఫిల్మ్ స్టడీస్ చదివే పిల్లలు తమ రాతలు పంపి చూడమంటే, ముప్పాతిక మంది నేను చేసిన తప్పే చేస్తున్నారు. దరఖాస్తు ఫారం నింపినట్టు నింపేస్తారు: నాయిక ఫలానా, విలన్ ఫలానా, సంతకం, తేదీ. నా పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. సిద్ధాంతాన్ని నిజాయితీగా పట్టించండి, పట్టించాక అది ఎక్కడ అతకలేదో చూడండి. హారర్‌లో భయం దాక్కునేది ఎక్కువగా ఆ అతకని చోటే.

ఉదాహరణకి ఒకే సినిమా తీసుకుంటాను, 1998లో వచ్చిన జపాన్ సినిమా ‘రింగ్’, దర్శకుడు హిదియో నకాతా. ఒక వీడియో క్యాసెట్ ఉంటుంది, చూసిన వెంటనే ఫోను మోగుతుంది, చూసినవాళ్లు 7 రోజుల్లో చచ్చిపోతారు. అంతే కథ. 2002లో వచ్చిన అమెరికా రీమేక్ వేరే, రెండూ కలిపేసి రాయకండి. కింద స్పాయిలర్లు పూర్తిగా ఉన్నాయి, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

అడుగు 1: రెండుసార్లు చూడండి, ఒకేసారి రాయండి

మొదటిసారి రాత్రిపూట, లైట్లు తీసేసి, ఫోను వేరే గదిలో పెట్టి చూడండి. నోట్సు వద్దు. అయిపోయాక మాత్రం ఒక చిన్న కాయితం మీద, నిజంగా గుండె జారిన మూడు చోట్లు రాసుకోండి. పక్కవాడు ఎక్కడ భయపడ్డాడో కాదు, మీరు ఎక్కడ భయపడ్డారో. ఈ చీటీ పారేయకండి, చివరిదాకా పని ఉంది.

రెండోసారి పట్టపగలు, రిమోట్ చేతిలో పెట్టుకుని. నోట్‌బుక్కులో నాలుగు నిలువు గళ్లు: నిమిషం, ఏం జరిగింది, పాత్రకి ఏం తెలుసు, మనకి ఏం తెలుసు. గంటన్నర సినిమాకి నాలుగు గంటలు పడుతుంది, విసుగొస్తుంది, అయినా చేయండి. మూడో గడికీ నాలుగో గడికీ తేడా ఎక్కడుందో అక్కడ టెన్షన్ ఉంటుంది. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ వినే ఉంటారు: బల్ల కింద బాంబు ఉందని మనకి చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపించి ఆ బల్ల దగ్గర కబుర్లు చెప్పిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ‘రింగ్’ చాలాసేపు ఇది కూడా చేయదు. రేకో అనే రిపోర్టరుకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు, గడువు మాత్రం తెరమీద తేదీలు పడుతూ గుర్తు చేస్తూ ఉంటుంది.

ఇంకో పని, జరిగిన కథనీ చెప్పిన కథనీ విడదీయండి. రష్యన్ ఫార్మలిస్టులు, అంటే కథ ఏం చెప్పిందనే దానికంటే ఎలా కట్టారనేది చూసిన విమర్శకులు, ఈ తేడా మీద చాలా రాశారు, మనకి కావలసింది చిన్న ముక్కే. ‘రింగ్’లో జరిగిన కథ దశాబ్దాల వెనక ఓషిమా దీవిలో షిజుకో అనే అతీంద్రియ శక్తులున్న ఆవిడతో మొదలవుతుంది. చెప్పిన కథ మాత్రం నగరంలో ఇద్దరు స్కూలు పిల్లల కబుర్లతో మొదలవుతుంది. కాయితం మీద రెండు గీతలు గీసి, ఏ ముక్క ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో బాణాలు వేస్తే చాలు.

అడుగు 2: టోడరోవ్, అంటే మొదలూ చివరా పట్టుకోవడం

బల్గేరియాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన త్స్వెతాన్ టోడరోవ్ లెక్కలో కథకి ఐదు మెట్లు. ఒక సమతూకం ఉంటుంది. అది చెదురుతుంది. చెదిరిందని ఎవరో గుర్తిస్తారు. సరిచేయడానికి ప్రయత్నిస్తారు. చివరికి మళ్లీ ఒక సమతూకం వస్తుంది, మొదటిది కాదు, దాన్ని పోలిన ఇంకోటి.

ఇప్పుడు పట్టించండి. ఇద్దరు అమ్మాయిలు ఇంట్లో కూర్చుని నవ్వుకుంటున్న మొదటి సీను సమతూకం అని దాదాపు అందరూ రాస్తారు. కాదు. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకరైన తొమోకో ఆ క్యాసెట్ చూసి వారమైంది. సినిమా మొదలయ్యేసరికే అంతా చెదిరిపోయి ఉంది, మనకి ఆ సంగతి తెలియదు, అంతే. ఇది మీకు దొరికిన మొదటి అతకని చోటు, నోట్ చేసుకోండి.

మధ్య మెట్లు తేలిగ్గా వచ్చేస్తాయి: తొమోకో మేనత్తో పిన్నో అయ్యే రేకో ఆరా తీయడం, క్యాసెట్ చూడడం, విడిపోయిన భర్త ర్యూజిని సాయం అడగడం, నిద్రలేచి చూస్తే కొడుకు యోయిచి కూడా అది చూస్తూ ఉండడం. నాలుగో మెట్టు, బావి. ఆ క్యాసెట్ వెనకున్న సదాకోని, అంటే షిజుకో కూతురిని, బతికుండగా తోసేసిన బావిని కనిపెట్టి, నీళ్లు తోడి, అస్థిపంజరం బయటికి తీస్తారు. గడువు దాటిపోతుంది, రేకో బతికే ఉంటుంది. హమ్మయ్య అనుకుంటాం.

మర్నాడు ర్యూజి ఇంట్లో టీవీ దానంతటది వెలుగుతుంది.

ర్యూజి చచ్చిపోయాక గానీ రేకోకి బోధపడదు, తను బతికింది అస్థికలు తీసినందుకు కాదు, క్యాసెట్ కాపీ చేసి ర్యూజికి చూపించినందుకు. ఇక కొడుకు బతకాలంటే వాడి చేత కూడా కాపీ చేయించి ఇంకొకరికి చూపించాలి. వీసీఆర్ కారులో పెట్టుకుని తండ్రి ఇంటికి బయల్దేరుతుంది. సినిమా అక్కడితో అయిపోతుంది.

మరి ఐదో మెట్టు ఉందా లేదా? ఉంది. వారానికో కాపీ తీస్తూ పోతే ఎవరూ చావరు, అదీ ఒక సమతూకమే, కాకపోతే దాని నియమాలు సదాకోవి. మన ఇళ్లకి పోస్టులో వచ్చే కరపత్రాలు పెద్దవాళ్లకి గుర్తుండాలి. ఫలానా దేవుడి మహిమ, ఇది చదివినవాళ్లు ఇన్ని కాపీలు పంచితే శుభం, చించేస్తే ఇన్ని రోజుల్లో కీడు. మా నాన్నమ్మ వాటిని చూసి నవ్వేది, నవ్వుతూనే మా బాబాయి చేత కార్బన్ పేపర్లు పెట్టించి రాయించేది. పంచేవాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు. ‘రింగ్’ చివరి సీను నాకు దెయ్యం కంటే ఎక్కువ భయం ఎందుకు పుట్టించిందో ఆ కార్బన్ పేపర్లు గుర్తొచ్చాకే అర్థమైంది.

అడుగు 3: ప్రాప్, మాయల ఫకీరు చిలుక

వ్లదీమిర్ ప్రాప్ 1928లో రష్యన్ జానపద కథలు ఒక 100 తీసుకుని, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే పనులు 31 అని తేల్చాడు, ఆ పనులు చేసే పాత్రలు ఏడు రకాలన్నాడు: ప్రతినాయకుడు, వరమిచ్చే దాత, తోడు నిలిచే సహాయకుడు, కాపాడాల్సిన రాకుమారి, పని మీద పంపేవాడు, నాయకుడు, దొంగ నాయకుడు.

31నీ పట్టించకండి, చదివేవాడు మూడో పేజీలో పారిపోతాడు. హారర్‌కి మొదటి మూడు బంగారం: ఇంట్లో ఎవరో ఒకరు బయటికెళ్తారు, ఒక నిషేధం చెబుతారు, దాన్ని ఎవరో మీరతారు. ఆరు గదులూ చూడు, ఏడో గది తలుపు మాత్రం తీయకు అని మన కథల్లో చెబుతారే, అదే. ‘అరుంధతి’లో పశుపతి సమాధి, ‘చంద్రముఖి’లో తాళం వేసిన గది, రెండూ ఆ ఏడో గదే. ‘రింగ్’లో నిషేధం చెప్పేవాళ్లు ఎవరున్నారో వెతకండి. ఎవరూ లేరు. పుకారు ఒక్కటే ఉంది, అది వద్దంటూనే రమ్మంటుంది.

పాత్రల దగ్గర ఒక జాగ్రత్త. ప్రాప్ చెప్పినవి మనుషులు కాదు, ఉద్యోగాలు. ఒకే మనిషి రెండు ఉద్యోగాలు చేయొచ్చు, ఒకే ఉద్యోగం ఇద్దరు పంచుకోవచ్చు. సదాకో ఎవరు? ప్రతినాయకురాలు అని రాసి ఊరుకుంటే సగం పోయింది. బావిలోంచి బయటికి తీయాల్సిన రాకుమారి కూడా ఆమే. రేకో నాయిక, సరే, మరి సొంత తండ్రి దగ్గరికి క్యాసెట్ పట్టుకెళ్తున్నప్పుడు ఆమె ఏ ఉద్యోగంలో ఉంది? ఈ ప్రశ్నకి మీ జవాబు ఒక పేరా అవుతుంది.

అసలు విషయం ఇంకా లోపల ఉంది. రష్యన్ కథల్లో కష్చేయ్ అనే చావులేని మాంత్రికుడు ఉంటాడు, వాడి చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో. చిలుక దొరికితే ఫకీరు పని అయిపోయినట్టే, చిన్నప్పటి నుంచి మనకి ఈ లెక్క నూరిపోశారు. దానికి తోడు అంత్యక్రియలు జరగని ఆత్మ తిరుగుతుందన్న నమ్మకం మనకీ ఉంది, జపాన్‌లోనూ ఉంది. అందుకని బావిలో ఎముకలు దొరకగానే మనమే ‘చిలుక దొరికింది’ అని నిర్ణయించేసుకుంటాం. సినిమాలో ర్యూజీ అదే అనుకున్నాడు. ‘రింగ్’ చేసిన మోసమల్లా ఇదే, మన జానపద తర్కాన్ని మనమీదే ప్రయోగించింది. చిలుక కాళ్లు విరిచాం, ఫకీరు మర్నాడు పొద్దున్నే టీవీలోంచి వచ్చాడు.

‘అరుంధతి’తో పోల్చి చూడండి, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జేజమ్మ తన ఎముకలతో ఆయుధం చేయమని ప్రాణం ఇస్తుంది, దధీచి ఎముకలతో వజ్రాయుధం చేసినట్టు. అంటే ప్రాప్ లెక్కలో దాతా నాయికా ఒక్కరే, ఒక జన్మలో ఇచ్చి ఇంకో జన్మలో పుచ్చుకుంది. ఆయుధం పనిచేస్తుంది, పశుపతి అంతమవుతాడు, లెక్క సరిపోతుంది. అందుకే ఆ సినిమా చివర్లో మనకి కలిగేది భయం కాదు, పౌరుషం. తప్పని కాదు, అది వేరే రకం సినిమా.

అడుగు 4: లెవీ-స్ట్రాస్, గడప మీద కూర్చున్నది ఎవరు

ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్ పేరు చెబితే అందరూ ద్వంద్వాల జాబితా రాస్తారు. వెలుగు/చీకటి, మంచి/చెడు, బతుకు/చావు. ఏ హారర్ సినిమాకైనా ఈ జాబితా సరిపోతుంది, అందుకే దీనికి విలువ లేదు. ఆయన 1955 వ్యాసంలో పనికొచ్చే మాట ఇంకోటి: పురాణకథ రెండు వ్యతిరేకాల మధ్య ఇరుక్కున్నప్పుడు రెండిటికీ చెందిన ఒక మధ్యవర్తిని పుట్టిస్తుంది.

మనకి దీన్ని నేర్పాల్సిన పనే లేదు, హిరణ్యకశిపుడు ఉన్నాడు. పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి చేత కాదు జంతువు చేత కాదు. సంధ్యవేళ, గడప మీద, నరసింహుడు. గళ్లన్నీ నింపి తనకి చావు లేదనుకున్నవాడిని రెండు గళ్ల మధ్య గీతలోంచి వచ్చినవాడు చంపాడు. అక్కడ ఆ మధ్యవర్తి దేవుడు. హారర్‌లో అదే చోటినుంచి వచ్చేది దెయ్యం.

కాబట్టి జాబితా మీద రెండు నిమిషాలు చాలు, తర్వాత సినిమాలో గడప ఏదో వెతకండి. ‘రింగ్’లో ఒక పక్క నగరం, టీవీ స్టూడియో, రిపోర్టరు ఉద్యోగం, ఇంకో పక్క దీవి, అగ్నిపర్వతం, బావి. రెండిటికీ మధ్య గడప టీవీ తెర. బావి గట్టు దాటి వచ్చిన సదాకో తెర అంచు కూడా అలాగే, అదే నడకతో దాటుతుంది. ఆ షాట్‌లో గట్టూ తెరా ఒకే గీత అయిపోతాయి. గడప మీద కూర్చోవద్దని అమ్మమ్మలు ఊరికే అనలేదు.

అడుగు 5: బార్త్, చిన్న ముక్కలుగా కోయడం

ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ 1970లో బాల్జాక్ కథనొకదాన్ని 561 ముక్కలుగా కోసి ఐదు సంకేతాలతో చదివాడు. మనకి రెండు చాలు: ప్రశ్న రేపి జవాబు దాచేది ఒకటి, ఒక పని మొదలైతే తర్వాత ఏం జరగాలో మనచేత ఊహింపజేసేది రెండోది. దీన్ని సినిమా మొత్తానికి పట్టించకండి, ఒక్క సీనుకి చాలు.

‘రింగ్’ మొదటి సీనులో ఫోను తీసుకోండి. క్యాసెట్ చూసినవాళ్లకి ఫోను వస్తుందన్న కబురు అప్పుడే చెప్పుకున్నారు. కింద ఫోను మోగుతుంది. ఇద్దరూ బిగుసుకుపోతారు. తీస్తే ఇంట్లోవాళ్లు, రావడం ఆలస్యమవుతుందని. ఊపిరి పీల్చుకుంటారు, మనమూ అంతే. తర్వాత తొమోకో ఒంటరిగా ఉన్నప్పుడు టీవీ దానంతటది వెలుగుతుంది, బేస్‌బాల్ ఆట వస్తోంది. ఆపేస్తుంది. వెనక ఏదో ఉన్నట్టనిపించి తిరుగుతుంది. ముఖం అలాగే ఫ్రీజ్ అవుతుంది, బొమ్మ నెగటివ్‌లా మారిపోతుంది, కట్.

మోగడం, తీయడం, చావడం అన్న వరస మనం ఊహించుకున్నాం, ఆ వరసని ఇంటి ఫోనుతో తెంపేసి, మనం లెక్కలో పెట్టుకోని టీవీ వైపునుంచి పని కానిచ్చారు. టీవీ సంగతి సినిమా మొదటి నిమిషాల్లోనే చెప్పేసి, మనచేత మరిపించి, చివర్లో బాకీ వసూలు చేశారు. నోట్‌బుక్కులో ఇలాంటి ‘ముందే పెట్టిన’ వస్తువులకి చుక్క గుర్తు పెట్టుకోండి.

అడుగు 6: భరతుడిని పిలవండి

ఇది సిలబస్‌లో ఉండదు. కానీ పైవాళ్లు నలుగురూ కథ ఎలా కట్టారో చెబుతారు గానీ భయం ఎలా పుడుతుందో చెప్పరు. భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. భయానక రసానికి స్థాయిభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, భయం. దాన్ని పుట్టించే కారణాలు విభావాలు: వికృతమైన శబ్దాలు, భూతాలు కనబడడం, నక్కల అరుపులు, గుడ్లగూబలు, పాడుబడిన ఇళ్లు, అడవులు. బయటికి కనిపించే లక్షణాలు అనుభావాలు: చేతులూ కాళ్లూ వణకడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ముఖం పాలిపోవడం, గొంతు మారిపోవడం.

మామూలుగా ముందు విభావం, తర్వాత అనుభావం. దెయ్యం కనిపిస్తుంది, హీరోయిన్ కెవ్వుమంటుంది. ‘రింగ్’ ఈ రెండిటినీ విడదీసి మధ్యలో దాదాపు సినిమా మొత్తాన్ని పెట్టింది. తొమోకో ముఖం చూశాం, అది అనుభావం. ఆ పిల్ల చూసింది మాత్రం చూపించలేదు. చచ్చిపోయినవాళ్ల ముఖాలన్నీ భయంతో బిగుసుకుపోయి ఉంటాయి, కారణం మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఎవరి భయం వాళ్లు పోసుకుంటారు. చిట్టచివర ర్యూజి గదిలో విభావం తెరమీదికి వచ్చినప్పుడు కూడా పూర్తి ముఖం ఇవ్వలేదు, జుట్టు మధ్యలోంచి ఒక్క కన్ను.

దానికంటే ముందు బావిలో ఇంకో పని చేశారు. రేకో ఆ పుర్రెని దగ్గరికి తీసుకుని హత్తుకుంటుంది. అది పచ్చి కరుణ రసం. భయం తగ్గి జాలి కలిగిన చోట మనం కాపలా దించేస్తాం, దించాక దెబ్బ. దుఃఖాంత నాటకంలో నిజం తెలియడమూ పరిస్థితి తలకిందులవడమూ ఒకేసారి జరిగితే శ్రేష్ఠం అన్నాడు అరిస్టాటిల్, ఈడిపస్ కథలోలా. ఇక్కడ బావి దగ్గర తెలిసింది దొంగ నిజం. అసలు నిజం ర్యూజి పోయాక వచ్చింది, తెలిసినా ఏం ప్రయోజనం లేనంత ఆలస్యంగా కాదు, తెలిసినందుకు పాపం చేయాల్సొచ్చేంత సమయానికి.

అడుగు 7: ఇప్పుడు రాయండి

మొదటి అడుగులో దాచిన చీటీ తీయండి. మీరు భయపడ్డ మూడు చోట్లూ, సిద్ధాంతాలు అతకని చోట్లూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ రెండూ కలిశాయో అదే మీ వ్యాసం. ఒక్కచోట కలిసినా చాలు, మూడూ కలపాలని సాగదీయకండి. ఎక్కడా కలవలేదంటే మీరు భయపడింది పెద్ద శబ్దానికి అయ్యుండొచ్చు, అది కూడా రాయదగ్గ విషయమే.

నా దగ్గరికి వచ్చే రాత ఇలా ఉంటుంది: "ప్రాప్ సిద్ధాంతం ప్రకారం సదాకో ప్రతినాయకురాలు, రేకో నాయకురాలు, ర్యూజి సహాయకుడు. దీన్నిబట్టి ప్రాప్ సిద్ధాంతం హారర్ సినిమాలకి వర్తిస్తుందని తెలుస్తోంది." ఇందులో తప్పేమీ లేదు, పనికొచ్చేదీ లేదు. సినిమా చూడకుండా వికీపీడియా చదివినా ఇది రాయొచ్చు.

అదే విషయాన్ని ఇలా తిప్పి రాయొచ్చు: "బావిలో రేకో పుర్రెని హత్తుకున్నప్పుడు సదాకో ప్రతినాయకురాలి చోటునుంచి కాపాడబడ్డ రాకుమారి చోటుకి మారిందని మనం నమ్ముతాం, ఎందుకంటే జానపద కథలో కాపాడబడినవాళ్లు మళ్లీ హాని చేయరు. మర్నాడు ఆమె తెరలోంచి రావడం ఆ నమ్మకాన్ని కొడుతుంది. ఆమె ఏనాడూ ఉద్యోగం మారలేదు, మార్చింది మనం." చూడండి, ఇక్కడ ప్రాప్ పేరు కూడా రాలేదు, ఆయన పని మాత్రం జరిగింది.

ఇంకొన్ని చిన్న సంగతులు. ఒక వ్యాసానికి రెండు సిద్ధాంతాలు మించనివ్వకండి, నేనిక్కడ ఆరింటిని తెచ్చింది మీరు ఏరుకోవడానికి. సీను గురించి రాసేటప్పుడు కెమెరా, శబ్దం, వెలుగు వీటిలో కనీసం ఒకటి పేరాలో ఉండాలి, లేకపోతే మీరు స్క్రిప్టు గురించి రాస్తున్నట్టే, సినిమా గురించి కాదు. "ప్రేక్షకుడు భయపడతాడు" అని రాయకండి, ఏ ప్రేక్షకుడు, మా బాబాయి ‘రింగ్’ చూస్తూ నిద్రపోయాడు.

రాయడం అయ్యాక రెండు రోజులు పక్కన పెట్టి, టోడరోవ్, ప్రాప్, బార్త్ అని పేర్లున్న చోటల్లా పెన్సిల్‌తో కొట్టేసి చదవండి. పేరు కొట్టేయగానే కూలిపోయిన వాక్యం ఏదైనా ఉంటే దాన్ని మళ్లీ రాయాలి. ఆ పని అయ్యాక పేర్లు తిరిగి పెట్టేయొచ్చు, మార్కులు వేసేవాళ్లకి అవి కావాలి.